పటాలమునుండి వచ్చిన పనివాడు

కర్నూలు, కడప సీమలలో వాన కురిసిన యేడు వేరుసెనగ, కురవని యేడు వలస. ఈ రెంటి నడుమ నెల తిరుగునప్పటికి తప్పక జీతము వచ్చు కొలువు పటాలమొక్కటియే యని తలచి బిడ్డలను సైన్యమునకు పంపిన కుటుంబము లిక్కడ ననేకములు. 1970 వఱకు కర్నూలు జిల్లాలో నుండి, పిమ్మట ఒంగోలు జిల్లాలో చేరిన గిద్దలూరు ప్రాంతము ఇందుకు మిక్కిలి పేరుపడినది. బిడ్డ పటాలమునకు పోవునప్పుడు తల్లి యేడ్చుటను గుఱించి కథలు, పాటలు చాల వచ్చినవి. అతడు మఱలి వచ్చిన పిమ్మట ఆ యింట నేమి జరుగునో వ్రాసినవారు తక్కువ. మేము ఈ మాసము ఆ సంగతియే వ్రాయదలచితిమి. అందును తుపాకి పట్టిన వారిని గుఱించి గాక, రాడారులు, రేడియోయంత్రములు, క్షిపణుల లోపలి విద్యుత్పరికరములు చెడిపోయినప్పుడు వానిని బాగుచేయు పనివారిని గుఱించి వ్రాయుచున్నాము.

జమ్మలమడుగు ప్రాంతమున మే మెఱిగిన గృహమొకటి కలదు. యజమాని పందొమ్మిదవ యేట సైన్యమున చేరి, ఇరువదిరెండేండ్లు రాడారులు బాగుచేసి, నలువదియొకటవ యేట ఇల్లు చేరెను. మొదటివారము ఆ యిల్లు పెండ్లివారి యిల్లువలె నుండెను. రెండవవారమున ఊరి పెద్దయొకడు వేపచెట్టుక్రింద నాపబండమీద కూర్చుండి, "ఇంకేమబ్బీ, మిలిటరీవాడివి. బ్యాంకుకాడ తుపాకి పట్టుకొని నిలబడితే చాలు, జీతమిస్తారు గదా" అనెను. అతడు నవ్వి, "పెద్దనాయనా, నేను తుపాకి పట్టింది ఏటికి ఒకటి రెండుసార్లు. దినామూ పట్టింది సోల్డరింగు ఐరను" అని బదులు చెప్పెను. పెద్దకు ఆ మాట బోధపడలేదు. ఆ ముసలివానిని అననేల? నాలుగునెలల పిమ్మట ఒక కార్ఖానాలో అతని దరఖాస్తు చదివిన యుద్యోగికిని బోధపడలేదు. "కావలి పని యున్నది, చేరెదరా?" యని ఆయన అడిగెనట. ఇరువదిరెండేండ్ల విద్య గేటువద్దనే నిలిచిపోయినది.

ఆ విద్య యెట్టిదో మన మించుక తెలిసికొనవలెను. భారతసైన్యమున యంత్రముల మరమ్మతునకై ప్రత్యేకదళము 1943 అక్టోబరు 15వ తేదీన ఏర్పడెను. అప్పుడు దాని పేరిట 'ఎలక్ట్రికల్' అను మాట యుండెడిది. 2001లో దానిని తీసి 'ఎలక్ట్రానిక్సు' అని చేర్చిరి. పొడి అక్షరములు నాడును నేడును ఇ.యం.ఇ. యే గనుక ఊరిలో నెవ్వరును ఈ మార్పు గమనింపలేదు. కాని లారీ యింజనులతోపాటు రాడారులును ఆ దళము పనియే యని ఆ యొక్క మాట చెప్పుచున్నది. ఈ దళపు కళాశాల సికింద్రాబాదు తిరుమలగిరిలో నున్నది. వార్తాదళమువారికి జబల్పూరులోను, వైమానికదళపు ఎలక్ట్రానిక్సు పనివారికి బెంగుళూరు జాలహళ్లిలోను, నావికాదళమువారికి 1942లో స్థాపింపబడిన జామ్‌నగరు వల్సూరాలోను శిక్షణ నిత్తురు. మన పల్లెల బిడ్డలు ఈ చోట్ల చదివి, ఎడారిలోను మంచుకొండలమీదను ఆ విద్యను సానబట్టుకొని వచ్చుచున్నారు.

అక్కడ వారు ముఖ్యముగా నేర్చునది యంత్రము పేరుగాదు, లోపమును వెదకు తీరు. సుంకేసులకడ తుంగభద్రనుండి బయలుదేరి కడపకు వచ్చు కె.సి. కాలువలో చివరిభూములకు నీరు రాలేదనుకొందము. తెలియనివాడు సుంకేసులనుండి గట్టువెంబడి నడచుకొనుచు వచ్చును. తెలిసినవాడు సరిగా నడుమకు పోయి చూచును. అక్కడ నీరున్నచో లోపము క్రిందిసగమున, లేనిచో పైసగమున. మఱల ఆ సగమును రెండుగా చీల్చును. ఇట్లు పదిమారులు చూచినచో వేయి తావులలో ఏ తావున గండిపడినదో తేలిపోవును. రాడారులో వేలకొలది భాగములున్నను చేతిలో మల్టీమీటరు, ఆసిలోస్కోపు పట్టుకొని అతడు చేయునది యిదియే. చేసిన ప్రతిపనిని, మార్చిన ప్రతిభాగమును, చూచిన ప్రతి అంకెను లాగుబుక్కులో వ్రాయుట రెండవ యలవాటు. ఇంట బియ్యపుడబ్బా మీద తేదీ వేసి చీటి యతికించు భర్తను చూచి విసుగుకొను ఇల్లాండ్రను మే మెఱుగుదుము. ఆ చీటియే కార్ఖానాలో జీతమునకు యోగ్యమైన గుణమని వారు గ్రహింపవలెను.

అయినను అతనికి అన్నియు వచ్చునని మేము చెప్పబోము. సైన్యమున పెక్కుచోట్ల చెడిన బోర్డును ఊడబెఱికి మంచిది పెట్టి, చెడినదానిని వెనుకనున్న పెద్ద వర్కుషాపునకు పంపుదురు. ఒకేజాతి యంత్రమును పదేండ్లు చూచినవానికి దానిని మించిన లోకము తెలియకపోవచ్చును. నేటి కార్ఖానాలను నడపునవి పి.ఎల్.సి. యను చిన్న కంప్యూటర్లు; వానిని చూడనివాడు మొదట తెల్లబోవును. విద్యుత్తు తీగలపని చేయుటకు ప్రభుత్వపు వైర్మను పర్మిటు వేఱుగా కావలెను. ఖర్చు విషయము మఱియొకటి. సరిహద్దున యంత్రము నడువవలెను, వెల యెంతయైన కానిమ్ము. సిమెంటు కార్ఖానాలో గంటసేపు పని నిలిచిన ఎంత నష్టమో యజమాని వ్రేళ్లమీద లెక్కించుకొనుచుండును.

ఇక ఆ గృహము సంగతి. కార్ఖానానుండి తిరిగివచ్చిన పిమ్మట అతడు పది దినములు ఎవ్వరితోను మాటలాడలేదట. ఆ నడుమ బంధువొకడు వచ్చి, చేతిలో నున్న సొమ్ముతో బోరు వేయించుమని ప్రోత్సహించెను. పదవీవిరమణ సమయమున పెన్షనులో కొంతభాగమును అమ్ముకొని మొత్తముగా తీసికొను సదుపాయము కలదు. సైనికులు సగమువఱకు నిట్లు తీసికొనవచ్చును. ఆ మొత్తము చేతికి వచ్చినప్పుడు అది ప్రభుత్వము దయతో నిచ్చిన బహుమానమువలె కనబడును. కాదు. దానికి బదులుగా పదునైదేండ్లపాటు నెలనెల పెన్షను తక్కువగా వచ్చును. ఈ లెక్క ఇల్లాలికి ముందుగా ఎవరును చెప్పలేదు. మొదటి బోరు ఏడువందల అడుగులు పోయెను, రెండవది తొమ్మిదివందలు. రాతిపొడి తప్ప మఱేమియు రాలేదు. రాయలసీమలో నీటికొఱకు భూమిని తొలిచి చితికిన కుటుంబముల కథ కొత్తదికాదు గనుక దీనిని పెంచి వ్రాయము. ఆ సొమ్ములో సగముతో అతడు నగరమున ఆఱునెలలు కూర్చుండి కొత్తవిద్య నేర్చియుండవచ్చునని మాత్రము ఆ యిల్లాలు మాతో ననెను.

పదవతరగతివఱకు చదివిన ఆ యిల్లాలు భర్త వ్రాసిన ఉత్తరములన్నియు బిస్కత్తుడబ్బాలో దాచియుంచినది. ఒకనాటి రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట ఆమె పిల్లవాని నోటుపుస్తకము తీసికొని, ఏ యేట ఏ యూర నుంటిరి, అక్కడ చేతితో నేమి చేసితిరి యని యొక్కొక్కటిగా అడిగి వ్రాయసాగెను. అతడు మొదట పొడి అక్షరములతో బదులు చెప్పెను. "నాకర్థం కాకపోతే ఆ ఆఫీసరుకు మాత్రం ఎట్లర్థమౌతుంది?" అని ఆమె యడిగెను. అప్పుడతడు దిగివచ్చి తెలుగున చెప్పెను: వేల వోల్టుల పవరుసప్లైలు బాగుచేసితిని; డీజిలు జనరేటర్లను కనిపెట్టుకొనియుంటిని; యంత్రపు గదిని చల్లగా నుంచు ఏసీలను నడిపించితిని; కొలత పరికరములు సరిగా చూపుచున్నవో లేవో పరీక్షించితిని; పన్నెండుమంది కుఱ్ఱవాండ్రకు పని నేర్పితిని. నాలుగు రాత్రులలో పుస్తకము నిండినది. దరఖాస్తులో అంతకుముందు రెండు పంక్తులుండెను.

ఇక్కడ నొక జాగ్రత్త చెప్పవలెను. రాడారు పేరుగాని, అది యుండిన తావుగాని, దాని శక్తిగాని అందులో వ్రాయరాదు. సైన్యమువాడు విడిచివచ్చినను రహస్యము విడువకూడదు. వ్రాయవలసినది చేతిపని మాత్రమే, దానికి యంత్రము పేరుతో అక్కఱయే లేదు.

ప్రభుత్వమువారును ఈ చిక్కును గుర్తింపకపోలేదు. రక్షణశాఖక్రింద పునరావాసమునకు ప్రత్యేక డైరెక్టరేటు కలదు, ఢిల్లీలో 'డీ.జీ.ఆర్.' అందురు. సైనికవృత్తులలో ఏది ఏ పౌరవృత్తికి సమానమో వా రొక పట్టిక సిద్ధపఱచిరి. విరమణకు ముందే కొన్నివారములు, కొన్ని నెలలు కొత్తవృత్తులలో శిక్షణ యిప్పింతురు, జవానులకు, జె.సి.ఓ.లకు ఆ ఫీజు వారే చెల్లింతురు. మనకు దగ్గఱగా కర్నూలులోను కడపలోను జిల్లా సైనికసంక్షేమ కార్యాలయము లున్నవి. డిశ్చార్జి పుస్తకము తీసికొనిపోయి అక్కడ పేరు నమోదు చేయించుకొనవలెను. విరమణకు ముందు చేయవలసిన శిక్షణను ముందే కోరవలెను. ఇంటికి వచ్చి ఆలోచింతమనుకొన్నవారికి ఆ దారి ఇఱుకగును. కావున సెలవులలో భర్త వచ్చినప్పుడే ఈ మాట యెత్తుట ఇల్లాలి పని.

కేంద్రప్రభుత్వపు గ్రూపు-సి ఉద్యోగములలో మాజీసైనికులకు నూటికి 10 వంతులు కేటాయింపబడియున్నవి. వయసు లెక్కలో సైన్యమున గడపిన యేండ్లు తీసివేయుదురు. మిగిలిన వయసు ఆ యుద్యోగపు హద్దును మూడేండ్లకు మించి దాటకున్న చాలును. మే మెఱిగిన యజమాని 41 ఏండ్లవాడైనను 22 ఏండ్లు తీసివేయగా ఆ లెక్కకు 19 ఏండ్ల పిల్లవాడే. మఱియొక నియమమున్నది. పదవతరగతి చదివి 15 ఏండ్లు సేవచేసినవానిని, పట్టము కావలసిన గ్రూపు-సి ఉద్యోగములలో మాజీసైనికులకు కేటాయించినవానికి అర్హునిగా నెంచవచ్చును. కాని ఆ యుద్యోగమునకు సాంకేతికానుభవము తప్పనిసరియై యుండరాదు. ఈ నియమము మేలైనదే. కాని దాని ఫలితము చూడుడు. రాడారు బాగుచేయగలవాడు గుమాస్తాగా సులువుగా కుదురుకొనును. పనివానిగా కుదురుకొనుట కష్టము. గుమాస్తాపని నీచమని మేము అనము, ఇంటికి జీతము వచ్చును, ఎండకు పోనక్కఱలేదు. ఐనను ఇరువదేండ్లు దేశము ఖర్చుపెట్టి నేర్పిన విద్య ఫైళ్ల క్రింద పడిపోవుట చూచినప్పుడు మాకు వెలితిగానే యుండును.

ఈ సమస్య నిన్న మొన్నటిది కాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగియుచుండగా, సైన్యమునుండి విడుదలయగు లక్షలాదిజనులకు పనులు చూపుటకై 1945 జూలైలో అప్పటి ప్రభుత్వము పునరావాస ఉద్యోగ డైరెక్టరేటును స్థాపించెను. నిరుద్యోగులు పేర్లు వ్రాయించుకొను ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు ఆ విధముగా మొదలైనవే. దేశవిభజన తరువాత అవి కాందిశీకులకు ఉపయోగపడినవి. 1948లో అందఱికి తెఱువబడినవి. ఐ.టి.ఐ.లకు మూలమైన వృత్తిశిక్షణ పథకమును 1950లో ఆ డైరెక్టరేటే ఆరంభించినది. నేడు మన పిల్లలు ఐ.టి.ఐ.లో చదువుచున్నారన్న ఆ దారి మొదట సైనికునికొఱకు త్రొక్కినదే. ఆ యుద్ధమున స్త్రీలును లేకపోలేదు. 1942లో ఏర్పడిన స్త్రీల సహాయకదళమున పదివేలకు పైబడిన స్త్రీలు చేరిరి; టెలిఫోనులు, రేడియోవార్తలు చూచినవారు వారిలో నుండిరి. వారు యుద్ధానంతరమున ఏమైరో వారి మనుమరాండ్రకైన తెలియునో లేదో!

ఇంగ్లండులో బెర్నార్డు లోవెల్ అను శాస్త్రజ్ఞుడు యుద్ధకాలమున విమానముల రాడారులమీద పనిచేసి, 1945 డిసెంబరులో సైన్యపు రాడారుబండ్లను జోడ్రెల్ బ్యాంకు అను పొలమునకు ఈడ్పించుకొనిపోయి ఆకాశమును పరీక్షింప నారంభించెను. పిమ్మట అక్కడనే లోకప్రసిద్ధమైన రేడియో దూరదర్శిని వెలసినది. అట్టి యదృష్టము అందఱకు పట్టదు గాని, శత్రువిమానమును పట్టు పరికరము ఉల్కలను పట్టుటకును పనికివచ్చినదన్న సంగతి మనస్సునకు ధైర్యము నిచ్చును.

మన సీమలో అట్టి పనికి తావున్నదా యని యడుగవచ్చును. ముప్పదియేండ్ల క్రిందట అడిగియుండిన మేము తల యడ్డముగా త్రిప్పియుందుము. ఇప్పు డట్లుకాదు. కర్నూలుచెంత గని, శకునాల గ్రామముల భూములలో 2017లో పూర్తియైన సౌరవిద్యుత్క్షేత్రము 1,000 మెగావాట్లది. దాదాపు 5,900 ఎకరములలో నలువదిలక్షలకు మించిన పలకలు పఱచిరి. పలక మీద పడిన యెండ ఒకవైపుగా పాఱు విద్యుత్తగును. దానిని మన యిండ్లకు తగిన విద్యుత్తుగా మార్చునది ఇన్వర్టరు. ఎండ, దుమ్ము, వేడి ఆ ఇన్వర్టర్లకు శత్రువులు. రాజస్థానపు ఎడారిలో రాడారులను కాపాడినవానికి ఈ శత్రువులు పాతపరిచయములే. ముద్దనూరు దగ్గఱ రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము, ఎఱ్ఱగుంట్ల పరిసరముల సిమెంటు కార్ఖానాలు, పులివెందులవైపు తుమ్మలపల్లె యురేనియము గని, గుంతకల్లు డివిజనులో రైలు సిగ్నళ్లు, 1963లో ఆరంభమైన కడప ఆకాశవాణి, 2015లో మఱల తెఱచిన కడప విమానాశ్రయము, 2021లో ఓర్వకల్లుకడ తెఱచిన కర్నూలు విమానాశ్రయము — వీనిలో ఏదియు ఎలక్ట్రానిక్సు తెలిసినవాడు లేక యొక్క దినము నడువదు. కర్నూలు దగ్గఱ రక్షణపరిశోధనశాఖవారి పరీక్షాక్షేత్రమున 2025 ఏప్రిలు 13న లేసరు కిరణముతో డ్రోనులను కూల్చి చూపిరి. ఆస్పత్రులలోను రోగి గుండెకొట్టుకొనుట చూపు మానిటర్లు, ఎక్స్‌రే యంత్రములు చెడిపోయి మూలపడియుండుట మనము చూచుచున్నాము. రాడారువలెనే ఎక్స్‌రే యంత్రమును అధికవోల్టేజితో పనిచేయునది. అయినను దానికి అణుశక్తి నియంత్రణమండలివారి నియమములున్నవి, తయారీదారులయొద్ద శిక్షణ కావలెను. తెలిసినదిగదా యని చేయిపెట్టరాదు.

ఆ నోటుపుస్తకమునుండి వ్రాసిన దరఖాస్తు మూడవచోట పనిచేసినది. ఒక సిమెంటు కార్ఖానాలో కొలత పరికరముల విభాగమున అతడు చేరెను. జీతము అతడనుకొన్నదానికన్న తక్కువ. బట్టీలో సున్నపురాయి పొడి 1,450 డిగ్రీల వేడిమికి వచ్చు నని, ఆ వేడిని తెలుపు తీగ యొక్కటి అబద్ధమాడినను రాశియంతయు పాడగునని అతడు మొదటిదినముననే నేర్చెను. పైయధికారి 26 ఏండ్ల యువకుడు. పన్నెండుమందికి పని నేర్పినవాడు ఆ యువకుని యెదుట నిలబడి సెలవు అడుగవలసివచ్చెను. ఈ అవమానభారమును పురుషులు బయట చెప్పుకొనరు, ఇంటికి తెచ్చి అన్నముకంచము మీద చూపుదురు. ఇల్లాలు తెలిసికొని యోర్చుకొనవలెనని మేము వ్రాసిన సులువుగా నుండును. కాని ఆమె కష్టమును చూడవలదా? ఇరువదేండ్లు ఆమెయే కరెంటుబిల్లు కట్టి, ఆమెయే పొలము కౌలుకిచ్చి, ఆమెయే అత్తను ఆస్పత్రికి తీసికొనిపోయి ఇల్లు నడపినది. భర్త వచ్చి, డబ్బా లిట్లు పెట్టవలెను, పిల్లలు ఐదుగంటలకు లేవవలెనని శాసించినప్పుడు ఆమెకును ఒక ఉద్యోగము పోయినట్లే. ఆమె మాతో, "ఆయనకు కొలువు దొరికినదాకా నాకు నా యిల్లు దొరకలేదమ్మా" అనినది. ఇంతకన్న సూటిగా ఈ సంగతి చెప్పినవారిని మేము చూడలేదు.

పెన్షను కాగితములలో ఆమె పేరు, పుట్టినతేదీ సరిగా నున్నవో లేవో చూచుకొనవలెనని మేము చెప్పగా ఆమె నోటుపుస్తకపు వెనుకపుట తీసి చూపెను. బ్యాంకుఖాతా ఇద్దఱిపేర, పేరులో నొక్క అక్షరము తప్పుగా నుండగా దిద్దించుటకు రెండుమారులు కడపకు పోవుట, అన్నియు తేదీలతో వ్రాసియుండెను. లాగుబుక్కు అలవాటు ఆ యింట ఎవరినుండి యెవరికి అబ్బినదో!

2022లో ప్రవేశపెట్టిన అగ్నివీరు పద్ధతిని గుఱించి పలువురు తల్లులు మమ్ము అడుగుచున్నారు. అందు సేవ నాలుగేండ్లు. నూటికి 25 మందివఱకు మాత్రమే నిలుపుకొందురు. తక్కినవారికి వడ్డీతో కలసి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి యుండును గాని పెన్షను లేదు. ఇరువదేండ్లవాని చేతిలో పెన్షనైన నుండును. ఈ పిల్లవాని చేతిలో నుండునది ఆ సొమ్మును, నేర్చిన పనికి సాక్ష్యమైన కాగితమును. ఆ పద్ధతిక్రింద నావికాదళము బాలికలనును నావికులుగా తీసికొన్నది. కావున తల్లులు కొడుకులకు చెప్పునది కూతుండ్రకును చెప్పవలెను: ప్రతిశిక్షణకు సర్టిఫికెట్టు అడిగి తీసికొనుము, దాని నకలు ఇంటికి పంపుము, ఏ పని చేసితివో ఆ వారముననే తెలుగున నాలుగు పంక్తులు వ్రాసిపెట్టుము.

మేము క్రిందటిమారు ఆ యింటికి పోయినప్పుడు యజమాని లేడు. రాత్రి రెండుగంటలకు కార్ఖానానుండి పిలుపు వచ్చెనట. బట్టీ కొలత తప్పుగా చూపుచున్నదని ఆ 26 ఏండ్ల అధికారియే ఫోనుచేసి, "అన్నా, మీరొకసారి రావాల" అనెనట. ఇల్లాలు పెద్దకొడుకుచేత జొన్నరొట్టెలు, పచ్చడి పంపి, బిడ్డ తిరిగి రాగానే "ఎక్కడ లోపమంట?" అని అడిగెను. "సగంకాడ చూసినారంట మా, ఇంకా కింద సగంలో వెతుకుతాండారు" అని వాడు చెప్పెను.